మీ నాన్నగారు చక్రాల మాట ఎత్తలేదు

చీపురుపల్లి దగ్గరి ఒక పల్లె నుంచి ఇరవై ఎనిమిదేళ్ళ యువకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. దాన్ని కుదించి ఇస్తున్నాను. పేరు, ఊరు, కారు రకం ఆయన కోరిక మీద వదిలేశాను.

ఆయన విజయనగరంలో ఉద్యోగం చేస్తూ రోజూ ఇంటి నుంచే వెళ్ళి వస్తారు. మేనమామ వాడిన హ్యాచ్‌బ్యాక్ కారును మూడేళ్ళ క్రితం కొనుక్కున్నారు. నిరుడు పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరానికి వారం రోజుల ముందు, తనతో కాలేజీలో చదువుకున్న మిత్రుడు నడిపే దుకాణంలో 15 అంగుళాల పాత చక్రాలు తీయించి 17 అంగుళాల అలాయ్ చక్రాలు వేయించారు. పాత టైర్లు 185/65 ఆర్15, కొత్తవి 205/50 ఆర్17. (మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది అంగుళాల్లో రిమ్ము కొలత.) కారు నేలకు దగ్గరగా కనిపించాలని నాలుగు స్ప్రింగులనూ కోయించారు. దాంతో కారు సుమారు 40 మిల్లీమీటర్లు కిందికి దిగింది. మొత్తం 68 వేల రూపాయలు అయ్యాయి. అందులో సగం ఇంకా వాయిదాల్లో కడుతున్నారు.

ఒక్కరే తిరిగినన్నాళ్ళు పెద్దగా ఇబ్బంది తెలియలేదట. మార్గశిరంలో చెల్లెలికి శ్రీమంతం జరిగాక, ఆమెను పురిటికి పుట్టింటికి తీసుకురావడానికి పాలకొండ వెళ్ళారు. తిరుగు ప్రయాణంలో ముందు సీట్లో నాన్న, వెనక అమ్మ, పిన్ని, చెల్లెలు, డిక్కీ నిండా సామాను. రాజాం చేరేలోగా ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా వెనక చక్రాలు బర్రుమని రాసుకున్నాయి. ఒకచోట రబ్బరు కాలిన వాసన కూడా వచ్చింది. చెల్లెలు భయపడి కారు ఆపమంది. ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా పనిచేసి పదవీ విరమణ పొందిన నాన్న దారి పొడవునా ఏమీ అనలేదు. ఇల్లు చేరాక ఒకే మాట అన్నారు: “కోసిన స్ప్రింగు మీద నా కూతుర్ని మళ్ళీ కూర్చోబెట్టను.” ఆ రోజు నుంచి ఆయన కారెక్కడం లేదు, ఆ సంగతి మాట్లాడటమూ లేదు.

కారు చేసే చప్పుళ్ళను ఈ యువకుడు చాలా శ్రద్ధగా రాశారు. వెనక ఇద్దరు కూర్చుంటే చాలు, గతుకుల్లో రెండువైపులా టైరు మడ్‌గార్డు లోపలి అంచుకు తగులుతోంది. అక్కడ రంగు పోయి రేకు మెరుస్తోంది. వీధి చివర కారు వెనక్కి తిప్పేటప్పుడు, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు, ముందు ఎడమ చక్రం లోపలి ప్లాస్టిక్ లైనరును గీస్తోంది. స్పీడ్ బ్రేకరు దిగేటప్పుడు ఒక్కోసారి ముందు నుంచి టక్కుమని చప్పుడు వస్తోంది కాని, ఎంత వెతికినా అక్కడ ఏదీ తగిలిన గుర్తు లేదు. హైవే మీద 80 దాటితే స్టీరింగు సన్నగా వణుకుతోంది. పాత చక్రం మీద ఆఫ్‌సెట్ (చక్రం వెడల్పు మధ్యగీతకూ, అది కారుకు బిగిసే ముఖానికీ మధ్య మిల్లీమీటర్లలో దూరం) 45 అనీ, కొత్తదాని మీద 35 అనీ అచ్చు ఉందట. టైరు లోపలివైపు తగలకుండా ఉండేందుకని దుకాణంలో చక్రం వెనక 5 మి.మీ. మందం బిళ్ళలు, అంటే స్పేసర్లు కూడా వేశారట.

దుకాణం మిత్రుడు మడ్‌గార్డు అంచు లోపలికి మడిపిస్తే సరిపోతుందంటున్నాడు. టింకరింగ్ చేసే మేస్త్రీ ఆ అంచును గ్రైండరుతో కోసేయమన్నాడు. ఆఫీసులో ఒకరు స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు పెట్టించుకోమన్నారు. మేనమామ అన్నీ అమ్మేసి పాత చక్రాలు బిగించుకోమన్నారు; అదృష్టవశాత్తూ అవి అటక మీదే ఉన్నాయి. చెల్లెలికి ఫాల్గుణంలో నెలలు నిండుతాయి. “ఎవరి మాట వినాలి? రాత్రివేళ విజయనగరం ఆసుపత్రికి వెళ్ళవలసి వస్తే ఈ కారు తీయవచ్చా? నాకు ఈ చక్రాలంటే ఇష్టం. నాన్నకు ఎలా నచ్చజెప్పాలి?” అని అడుగుతున్నారు.

సమాధానం:

మీ ఉత్తరంలో చక్రాల ప్రస్తావన లేని పేజీ లేదు. మీ నాన్నగారి మాటలో మాత్రం అవి ఒక్కసారి కూడా లేవు. ఆయన స్ప్రింగు గురించి చెప్పారు, మీరు చక్రాల గురించి విన్నారు. ముచ్చటపడి కొనుక్కున్న వస్తువును ఇంట్లో పెద్దవారు తప్పుపట్టారన్న బాధలో అలా వినిపించడం సహజమే కాని, జీవితమంతా బస్సుల కింద పడుకుని పనిచేసిన మనిషి మాటలు అలవోకగా వాడరు. టైరు రాసుకున్న చప్పుడు కారులో ఉన్న ఐదుగురూ విన్నారు. ఆ టక్కుమనే చప్పుడు ఏమిటో తెలిసినవారు బహుశా ఆయన ఒక్కరే. అందుచేత ఈ చిక్కును రెండుగా విడదీసి చూద్దాం. టైరు తగలడం ఒకటి, స్ప్రింగు కోయడం మరొకటి. మొదటిదానికి నాలుగైదు దారులున్నాయి, మీ ఇష్టాన్ని బట్టి ఎంచుకోవచ్చు. రెండోదానికి అన్ని దారులు లేవు.

మొదట టైరు సంగతి. పెద్ద చక్రం వేసినందువల్లే తగులుతోందని మీరు అనుకుంటున్నారు. 17 అన్న అంకె మీద అంత నింద వేయనక్కరలేదు. పాత టైరు మొత్తం ఎత్తు సుమారు 621 మి.మీ., కొత్తది సుమారు 637. అంటే ఇరుసు నుంచి చూస్తే టైరు ఎనిమిది మిల్లీమీటర్ల లోపే పెరిగింది. ముందు లైనరును గీయడంలో ఈ ఎనిమిదికి చాలా పాత్ర ఉంది. వెనక మడ్‌గార్డు అంచు విషయంలో ఉన్నది కొంతే. అక్కడ అసలు లెక్క వెడల్పుది. ఆఫ్‌సెట్ 45 నుంచి 35కు తగ్గితే చక్రం మొత్తంగా 10 మి.మీ. బయటికి జరుగుతుంది. టైరు వెడల్పు 185 నుంచి 205కు పెరిగితే రెండు పక్కలా పదేసి మిల్లీమీటర్లు పెరుగుతుంది. బయటివైపు ఆ పదీ ఈ పదీ కలిసి ఇరవై అయ్యాయి. లోపలివైపు పెరిగిన పదిని ఆఫ్‌సెట్ జరుగుడు మింగేసింది కాబట్టి టైరు పక్కభాగం సుమారుగా పాత చోటే ఉండాలి. ఇప్పుడు స్పేసరును తలుచుకోండి. లోపల తగలకుండా ఉండడానికని వేసిన ఆ 5 మి.మీ. బిళ్ళ, లోపల అవసరమో కాదో చూడకుండానే బయటి ఇరవైని ఇరవై ఐదు చేసింది. రెండున్నర సెంటీమీటర్లు బయటికి వచ్చిన టైరు, 40 మి.మీ. కిందికి దిగిన బండి, వెనక సీట్లో ముగ్గురు. తగలకుండా ఉంటేనే ఆశ్చర్యపోవాలి.

కాబట్టి డబ్బు ఖర్చు లేని మొదటి పని స్పేసర్లు తీసి చూడటం. వాటిని తీయక మునుపే, ముందు చక్రం లోపలివైపు టైరుకూ షాక్ అబ్జార్బరు గొట్టానికీ, దాని మీది స్ప్రింగు పళ్ళేనికీ మధ్య సందు కొలవండి; వేలు దూరకపోతే డ్రిల్లు బిట్లను కొలతగా వాడుకోవచ్చు. స్పేసరు తీశాక కూడా అక్కడ కనీసం 5 మి.మీ. మిగిలితే స్పేసరుతో మీకు పనిలేదు. మిగలకపోతే దుకాణం వారు వేసిన కారణం నిజమే అనుకోవాలి, అప్పుడు ఆ చక్రం మీ కారుకు సరైన కొలత కాదని తేలుతుంది. స్పేసరుకు ఇంకో చిక్కుంది. అది ఎంత మందముంటే నట్టు బోల్టు మీద అంత తక్కువ పట్టు పడుతుంది. 12 మి.మీ. బోల్టుకు మర మధ్య దూరం 1.25 అయితే నట్టు దాదాపు పది చుట్లు, 1.5 అయితే ఎనిమిది చుట్లు తిరిగి బిగియాలి. చేత్తో తిప్పుతూ లెక్కపెట్టండి. 80 దాటాక వచ్చే వణుకు కూడా ఇక్కడిదే కావచ్చు. బయట దొరికే అలాయ్ చక్రాల మధ్య రంధ్రాన్ని చాలా కార్లకు పనికొచ్చేలా పెద్దదిగా చేస్తారు. అది హబ్బు (చక్రం బిగించే ఇరుసు తల) మీద వదులుగా కూర్చోకుండా మధ్యలో ఒక రింగు వేయాలి. ఆ రింగు వేయకపోయినా, స్పేసరు అడ్డువచ్చి అది సరిగా కూర్చోకపోయినా చక్రం వెంట్రుకవాసి పక్కకు బిగుస్తుంది. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా ఆ వణుకు పోదు.

ఇక ఎక్కడ తగులుతోందో ఊహించకుండా తెలుసుకోవడానికి మన ఇళ్ళలో ఉన్న సరంజామా చాలు. మడ్‌గార్డు అంచు లోపలా, లైనరు మీదా, షాక్ అబ్జార్బరు పక్కనా తడి సుద్ద దట్టంగా పూయండి. వెనక సీట్లోనూ డిక్కీలోనూ 25 కిలోల బియ్యం బస్తాలు ఎనిమిది వేయండి. ముగ్గురు పెద్దవారి బరువుకు అది సమానం, పైగా బస్తాలు భయపడవు. మీ ఊరి రోడ్డు మీద నెమ్మదిగా, తర్వాత మామూలు వేగంతో, స్పీడ్ బ్రేకర్లు దాటించి తెచ్చి చూడండి. సుద్ద చెరిగిన చోటే రోగం. టైరు మీద కూడా చూడండి. రోడ్డును తాకే భాగం అంచున నున్నగా మెరుపు కనిపిస్తే అది చిరాకు మాత్రమే. టైరు పక్కగోడ మీద గాటు గాని, ఉబ్బు గాని కనిపిస్తే ఆ టైరు మీద ఇక ప్రయాణం వద్దు. ట్రెడ్డు కింద ఉండే ఉక్కు పట్టీలు పక్కగోడలో ఉండవు, కోసుకుపోతే ఆపేదేమీ లేదు. లోపల బ్రేకు గొట్టాన్నీ, చక్రం దగ్గరికి వచ్చే సన్న వైరునూ టార్చి వేసి చూడటం మరవకండి. కారును జాకీ మీద మాత్రమే నిలిపి కిందికి దూరవద్దు, స్టాండ్లు పెట్టండి. ఇది చెప్పనక్కరలేదని అనుకుంటాం కాని చెప్పాల్సి వస్తూనే ఉంటుంది.

ఇప్పుడు స్ప్రింగు. స్ప్రింగు కోస్తే కారు కిందికి దిగుతుందన్నది అందరికీ కనిపించేది. కనిపించనిది చక్రం వేలాడినప్పుడు జరుగుతుంది. స్పీడ్ బ్రేకరు దిగేటప్పుడో గోతిలో పడేటప్పుడో చక్రం కిందికి జారుతుంది. ఎంత దాకా జారాలన్నది షాక్ అబ్జార్బరు పొడవు నిర్ణయిస్తుంది. మీరు షాక్ అబ్జార్బరు మార్చలేదు, స్ప్రింగు మాత్రం పొట్టిదైంది. అంటే చక్రం పూర్తిగా వేలాడిన క్షణంలో స్ప్రింగు తన పళ్ళెంలో వదులుగా ఉండిపోతుంది, బరువు మళ్ళీ పడగానే వచ్చి కూర్చుంటుంది. ఏదీ తగిలిన గుర్తు లేకుండా వచ్చే ఆ టక్కుమనే చప్పుడు అదే అయి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉంది. ఇప్పటిదాకా ప్రతిసారీ తన చోటికే వచ్చి కూర్చుంది. ఒకసారి పక్కకు తొలిగి కూర్చుంటే అది టైరును కోయవచ్చు, లేదా వంపులో బండి ఒక పక్కకు ఒరిగిపోవచ్చు. కంపెనీ స్ప్రింగు చివరి చుట్టు పళ్ళెం ఆకారానికి తగ్గట్టు వంచి ఉంటుంది; కోసిన స్ప్రింగుకు ఆ చివర ఉండదు, పదునైన మొన ఉంటుంది. గ్యాసు మంటతో కోసి ఉంటే ఆ వేడికి చుట్టు పక్కల ఉక్కు గట్టిదనం కూడా పోయి ఉంటుంది. మీ మిత్రుణ్ణి దీని గురించి ఒక ప్రశ్న అడగవలసి ఉంది. కోసింది గ్యాసుతోనా, గ్రైండరుతోనా? జవాబు గ్యాసు అయితే ఈ వారమే మార్చండి. గ్రైండరు అయితే, ఒక్కరే నెమ్మదిగా తిరిగేట్టయితే, కొద్దిరోజులు ఆగవచ్చేమో గాని ఉంచుకోవడానికి మాత్రం పనికిరావు.

అడగవలసిన రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. బంప్ స్టాపులను కూడా కోశారా? షాక్ అబ్జార్బరు కడ్డీ మీద ఉండే ఆ దళసరి నురగ ముక్క, చక్రం పైకి ఎంత దూరం రావచ్చో నిర్ణయించే గడప వంటిది. కారును కిందికి దింపినప్పుడు గడప మరీ దగ్గరైపోయి ఊరికే కొట్టుకుంటుందని కొందరు దాన్ని సగానికి కోసేస్తారు. అలా చేస్తే చక్రం కంపెనీ అనుకున్నదానికన్నా పైకి వస్తుంది, మడ్‌గార్డు రేకు దాని దారిలో ఉంటుంది. మీరు ఎదురుచూడని మాట ఒకటి ఇక్కడే చెప్పాలి. పూర్తి ఎత్తు స్ప్రింగులు తిరిగి వేసినంత మాత్రాన టైరు తగలడం పూర్తిగా ఆగిపోతుందని హామీ లేదు. చక్రం గరిష్ఠంగా ఎంత పైకి వస్తుందన్నది స్ప్రింగు ఎత్తు మీద కాక బంప్ స్టాపు మీద ఆధారపడుతుంది. మంచి స్ప్రింగు వేస్తే చక్రం అంత పైకి రావడం అరుదవుతుంది. ఐదుగురితో పెద్ద గోతిలో పడితే మాత్రం బయటికి పొడుచుకు వచ్చిన టైరు అప్పుడూ తగులుతుంది. అందుకే చక్రం కొలతను కూడా విడిగా ఆలోచించాలంటున్నాను.

స్ప్రింగులకు రెండు దారులు. ఒకటి, నాలుగూ కొత్తవి, కంపెనీ కొలతవే వేసుకోవడం. బంప్ స్టాపులు కోసి ఉంటే అవీ కొత్తవి. బండి పూర్వపు ఎత్తుకు వస్తుంది, మీకు నచ్చిన ఆ కింది వాటం పోతుంది. చీపురుపల్లి, రాజాం రోడ్ల మీద ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తిరిగే బండికి నేనైతే ఇదే చేస్తాను. రెండోది, మీ కారు రకానికని ప్రత్యేకంగా తయారుచేసిన పొట్టి స్ప్రింగులు. అవి చుట్టు కోసినవి కావు; చక్రం వేలాడినా పళ్ళెంలో బిగువుగా ఉండేలా, తక్కువ ఎత్తుకు తగ్గ గట్టిదనంతో చేసినవి. 20, 25 మి.మీ. దిగువకు మించనివి తీసుకుంటే వాటమూ కొంత మిగులుతుంది. కుదుపు ఎక్కువవుతుంది, ఖర్చూ ఎక్కువే, వెనక ముగ్గురు కూర్చున్నప్పుడు సందు తక్కువగానే ఉంటుంది. ఏ దారి పట్టినా తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించండి. ఎత్తు మారినప్పుడల్లా చక్రాల కోణాలు మారతాయి, చేయించకపోతే టైర్లు లోపలి అంచున గుండు కొట్టించుకున్నట్టు అరుగుతాయి. రబ్బరు బఫర్ల సలహాను మాత్రం పక్కన పెట్టండి. కోసిన స్ప్రింగులో బఫరు ఇరికిస్తే మిగిలిన కొన్ని చుట్లలోనూ ఒకటి రెండు పనిచేయడం మానేస్తాయి, బరువంతా తక్కిన వాటి మీద పడుతుంది.

చక్రాల విషయంలో మీకు మూడు దారులున్నాయి, మేనమామగారి సలహాతో కలిపి నాలుగు. మొదటిది, ఈ 17 అంగుళాల చక్రాలనే ఉంచుకుని, స్పేసరు తీసి, వెనక మడ్‌గార్డు అంచు లోపలికి మడిపించడం. సందు సుమారు ఒక సెంటీమీటరు దొరుకుతుంది. మీ మిత్రుడి సలహా తప్పు కాదు, వరసలో ముందుకు వచ్చింది అంతే. స్ప్రింగులు మార్చాక, సుద్ద పరీక్ష మళ్ళీ చేశాక, ఇంకా తగులుతుంటేనే ఆ పని. చేసేవారు హీట్ గన్నుతో రంగును వేడిచేసి నెమ్మదిగా మడవాలి, సుత్తితో కొట్టకూడదు. ఆ అంచు రెండు రేకులు కలిపి వెల్డింగు చేసిన చోటు. రంగు బీటలిస్తే వానాకాలం నీళ్ళు ఆ కీలులోకి దిగుతాయి. మన తీరం గాలికి తుప్పు ఎంత త్వరగా పడుతుందో భోగాపురం వైపు ఇళ్ళ ఇనుప గేట్లు చూస్తే తెలుస్తుంది. మడిచిన చోట సీలెంటూ రంగూ వేయించాలి. గ్రైండరుతో కోయమన్న మేస్త్రీ మాట అసలు వినకండి. కోస్తే ఆ రెండు రేకుల కీలే తెగిపోతుంది, కారు పక్కభాగానికి బిగువు ఇచ్చేది అదే.

రెండోది, చక్రాలు ఉంచుకుని టైర్లు మాత్రం 205/45 ఆర్17కు మార్చుకోవడం. ఎత్తు సుమారు 616 మి.మీ. అవుతుంది, పాతదానికన్నా కొంచెం తక్కువ. ముందు లైనరు గీయడం చాలావరకు పోతుంది. వెడల్పు మారదు కాబట్టి వెనక అంచు బాధ కొంతే తగ్గుతుంది. ఇందులో రెండు జాగ్రత్తలు. పాత టైరు పక్కగోడ 120 మి.మీ. ఎత్తు, ఇప్పటిది 102, ఇది 92. గోతిలో పడితే దెబ్బ రిమ్ముకు అంత దగ్గరవుతుంది. రెండు, టైరు మీద కొలత పక్కన ఉండే బరువు అంకె. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, 84 అంటే 500 మాత్రమే. ఈ కొలతలో రెండు రకాలూ దొరుకుతాయి. మీ పాత టైరు మీద ఏ అంకె ఉందో చూసి, దానికి తగ్గకుండా కొనండి. దుకాణాల్లో కొలత అడుగుతారు, ఈ అంకె ఎవరూ అడగరు.

మూడోది నాకు నచ్చేది. ఈ నాలుగు చక్రాలను టైర్లతో సహా అమ్మేసి, 16 అంగుళాల రిమ్ము, 195/55 టైరు, ఆఫ్‌సెట్ 45కు దగ్గరలో తీసుకోవడం. ఎత్తు పాతదానితో దాదాపు మిల్లీమీటరు తేడా లేకుండా సరిపోతుంది. వెడల్పు ఒక్కో పక్క ఐదు మిల్లీమీటర్లే పెరుగుతుంది. స్పీడో మీటరు కూడా నిజం చెబుతుంది. ఇప్పుడు మీది 80 చూపించే చోట కారు, పాత లెక్కతో పోలిస్తే, సుమారు 82 మీద వెళ్తోంది. బరువు అంకె చూసుకోవడం ఇక్కడా తప్పదు. నష్టం ఏమిటంటే, నాలుగు నెలలు వాడిన చక్రాలు అమ్మితే మీరు పెట్టిన డబ్బు తిరిగి రాదు, వాయిదాలు మాత్రం నడుస్తూనే ఉంటాయి. 68 వేలు పోయాయి కాబట్టి వాటిని ఎలాగైనా వాడుకోవాలన్న ఆలోచన ఒక్కదానితో మొదటి దారి పట్టకండి. ఆ డబ్బు ఏ దారి పట్టినా పోయినదే. వాటిని చూసినప్పుడల్లా నిజంగా సంతోషం కలుగుతుందంటే, అది వేరే సంగతి, అది మంచి కారణమే.

చట్టం గురించి మీరు అడగలేదు, క్లుప్తంగా చెబుతాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్ణయించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదంటుంది. అనుమతి లేని మార్పులకు యజమానినే బాధ్యుణ్ణి చేసే శిక్ష 2019 సవరణలో వచ్చింది. కోసిన స్ప్రింగును సమర్థించుకోవడానికి మీ దగ్గర ఏ కాగితమూ ఉండదు. ప్రమాదం జరిగితే బీమా సర్వేయరు మొదట చూసేవాటిలో చక్రాలూ సస్పెన్షనూ ఉంటాయి. ఏ చక్రాలు ఉంచుకున్నా బీమా సంస్థకు రాసి తెలియజేసి, జవాబు దాచుకోండి.

ఇక మీ చెల్లెలి ప్రయాణం. దీనికి పై దారుల్లో ఏది ఎంచుకోవాలో తేలేవరకు ఆగనక్కరలేదు. అటక మీది పాత చక్రాలు ఈ ఆదివారమే దించి బిగించండి. వాటికి వాటి పాత నట్లే వాడండి; కొత్త అలాయ్ చక్రాల నట్ల మొన ఆకారం వేరుగా ఉండవచ్చు. స్పేసర్లు ఎటూ తీసేస్తారు. టైర్లలో గాలి నింపి, పక్కగోడల్లో పగుళ్ళున్నాయేమో, గాడి లోతు మిగిలి ఉందో లేదో చూడండి. కారు టైరుకు కనీసం 1.6 మి.మీ. గాడి లోతు ఉండాలన్నది నిబంధన. వంద కిలోమీటర్ల లోపు నట్లు మళ్ళీ ఒకసారి బిగించి చూసుకోండి. దీంతో టైరు రాసుకోవడం ఆగిపోవాలి. కాని పాత చక్రం వేసినా కింద ఉన్నది కోసిన స్ప్రింగే. అది మారేవరకు నెలలు నిండుతున్న మనిషిని ఆ కారులో ఎక్కించవద్దని నేను కూడా మీ నాన్నగారి పక్షానే అంటాను. ఈలోగా రాత్రివేళ అవసరం పడితే ఏ కారు పిలవాలో, ఆ డ్రైవరు నంబరు ఎవరి దగ్గర ఉందో ముందే మాట్లాడి పెట్టుకోండి. 108 ఎలాగూ ఉంది. మాఘం వెళ్ళేలోగా స్ప్రింగుల పని పూర్తయితే ఫాల్గుణంలో మీ కారే తీయవచ్చు.

మీ మిత్రుడితో తగవు పెట్టుకోకండి. మీరు అడిగినదే అతను చేశాడు. చేయకూడదని చెప్పకపోవడం అతని తప్పు, అడగకపోవడం మీది. గ్యాసా గ్రైండరా, బంప్ స్టాపులు కోశారా, ఈ రెండు ప్రశ్నలకూ నిజం చెబితే అతని రుణం చాలావరకు తీరినట్టే. కోపంతో అడిగితే రెండింటికీ మీకు నచ్చే జవాబే వస్తుంది.

మీ నాన్నగారికి ఎలా నచ్చజెప్పాలని అడిగారు. నచ్చజెప్పడానికి ఏమీ లేదు, ఆయన అన్నది సరైనదే. చక్రాల విషయంలో ఆయన అభిప్రాయం ఏమిటో ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు, మీరు కూడా. సుద్ద పరీక్ష రోజున ఆయన్ని పిలిచి టార్చి పట్టుకోమనండి. పిలిచేటప్పుడు వివరణలు వద్దు. “నాన్నా, టక్కుమన్న చప్పుడు ఎక్కడిదో చూడాలి, ఒకసారి వస్తారా” అంటే చాలు. ఆయన రాకపోవచ్చు కూడా. రాకపోతే బస్తాలు మీరే మోసి, సుద్ద మీరే పూసి, కనిపించినది సాయంత్రం భోజనాల దగ్గర మామూలుగా చెప్పండి. కొత్త స్ప్రింగులు తెచ్చినప్పుడు పెట్టె విప్పకుండా ఆయన ముందు పెట్టండి. కోసినవి బయటికి తీశాక వెంటనే పాత సామాన్లవాడికి వేయకండి. కొత్తదీ కోసినదీ పక్కపక్కన గచ్చు మీద నిలబెట్టి, కోసినదాని కింది చివర వేలితో తడిమి చూడండి. చక్రాలు పదిహేడా పదహారా అన్న మాట ఆ తర్వాత ఆయనతో కలిసి తేల్చుకోవచ్చు. స్పేసరు తీశాక లోపలి సందు ఎన్ని మిల్లీమీటర్లు తేలిందో, సుద్ద ఎక్కడ చెరిగిందో నాకు రాయండి. ఆ రెండూ తెలిస్తే ఆ చక్రాలు ఉంచుకోవచ్చో లేదో ఇంతకన్నా కచ్చితంగా చెప్పగలను.